నెలలు నిండని బిడ్డకు పాలు – నాలుగవ పాఠం: గొట్టం నుంచి ఉగ్గుగిన్నెకు

పొట్టలోకి వేసిన గొట్టం ద్వారా ఎన్ని పాలు ఇవ్వాలో గత పాఠంలో లెక్క వేశాం. 1,400 గ్రాముల బిడ్డకు కిలోకు రోజుకు 150 మి.లీ. చొప్పున వైద్యులు రాస్తే మొత్తం 210 మి.లీ. అవుతుంది, రెండు గంటలకోసారి, 12 సార్లుగా పంచితే ఒక్కో విడతకు 17.5 మి.లీ. ఆ లెక్క ఈ రోజూ మారదు. మారేది పాలు బిడ్డకు చేరే దారి మాత్రమే.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానికొకటి అడ్డుపడకుండా సాగాలంటే గర్భవారాలు సుమారు 34 నిండాలి. అంతకు కాస్త ముందే, 32 వారాల ప్రాంతంలో, రొమ్ము నుంచి పాలు లాగుకోలేని బిడ్డ కూడా పెదవికి తగిలిన పాలను నాలుకతో అందుకుని మింగగలుగుతుంది. ఆసుపత్రుల్లో పలడై అని పిలిచే మన ఉగ్గుగిన్నె పనికివచ్చేది ఈ నడిమి రోజుల్లోనే. 30 వారాలకు పుట్టిన బిడ్డకు ఈ దశ రెండు వారాల వయసులో వస్తుందని గుర్తుంచుకోండి. అయితే వారాలు నిండినంత మాత్రాన సరిపోదు: శ్వాస నిమిషానికి 60 లోపు ఉండి, డొక్కలు ఎగరేయకుండా, మెలకువగా ఉండి పెదవులు నాకుతున్న బిడ్డకే, వైద్యులు సరేనన్న తరువాత, మొదలుపెట్టాలి.

చేతులు కడుక్కుని, బిడ్డను గుడ్డలో చుట్టి, తలా మెడా మీ చేతి ఆనికలో ఉండేటట్టు ఒడిలో సగం కూర్చోబెట్టండి. గడ్డం కింద మడత గుడ్డ ఉంచండి. కొలిచిన పాలను గిన్నెలో పోసి, దాని ముక్కును నోటి మూల దగ్గర కింది పెదవిపై ఆనించి, పాలు పెదవిని తాకేంత వరకే వంచి ఆగండి. బిడ్డ నాలుక చాచి పాలు తీసుకుంటుంది, మింగుతుంది, ఒకటి రెండు ఊపిరులు తీస్తుంది. అప్పుడే మళ్లీ వంచాలి. ఎంత వేగంగా తాగాలో నిర్ణయించేది బిడ్డ, గిన్నె పట్టుకున్న చేయి కాదు.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కాళ్లు చాచుకుని బిడ్డను వాటిపై వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తుండగానే నోట్లో ఉగ్గు పోసే అలవాటు మన ఇళ్లలో చాలా చూశాను. ప్రేమతో చేసే పనే అయినా, అలా పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నెలలు నిండని బిడ్డకు అది ప్రాణాపాయం. ఉగ్గులో కలిపే ఆముదం, వస, తేనె కూడా వద్దని, ఇంట్లోని పెద్దవారిని చిన్నబుచ్చకుండా, గిన్నె మాత్రం మీదేనని చెబుతూ వివరించండి.

పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఆక్సిజన్ శాతం పడిపోయినా, ఊపిరి ఆగినా, దగ్గు వచ్చినా వెంటనే గిన్నె తీసి సాయం కోసం పిలవండి. వేళ్లు విప్పార్చడం, ముఖం తిప్పుకోవడం, పాలు నోటి పక్కనుంచి కారిపోవడం అలసటకు గుర్తులు. అలసిపోయినా, 20 నిమిషాలు దాటినా, మిగిలిన పాలు గొట్టం ద్వారానే ఇవ్వాలి. తాగించడానికి పడే శ్రమలోనే బరువు పెరగడానికి కావలసిన శక్తి ఖర్చయిపోకూడదు. కారిన పాలెన్నో తెలియాలంటే గుడ్డను ముందూ తరువాతా తూచండి: పెరిగిన ప్రతి గ్రామును సుమారు ఒక మి.లీ.గా లెక్కించి చార్టులో రాయండి.

తొలిరోజు ఒకటి రెండు విడతలు చాలు. ప్రతిసారీ గిన్నెను సబ్బుతో కడిగి, పాలు పేరుకునే ముక్కు భాగాన్ని చిన్న బ్రష్షుతో తోమి, మరిగించాలి.

అభ్యాసం: ఖాళీ గిన్నెలో 10 మి.లీ. నీళ్లు పోసి, ఒక్కొక్క బొట్టే జారేలా వంచడం చేతికి అలవడే వరకు సాధన చేయండి. బిడ్డను రొమ్ముకు అలవాటు చేయడం వచ్చే పాఠంలో.