లక్ష్యాల లెక్కలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఈ వేగంతో 2030కి చేరతామా?

పోయిన పాఠంలో ఏ శాతం కనిపించినా 'దేనిలో ఎంత?' అని అడగడం నేర్చుకున్నాం. ఈసారి వేగం కట్టడం నేర్చుకుందాం. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకి గడువు 2030. 'తగ్గింది' అని వార్త వస్తే సంతోషమే. కానీ గడువులోపు అందుకునేంతగా తగ్గుతోందా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు, వర్గమూలం గుర్తు √ ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

మన దేశంలో మాతృ మరణాల లెక్క తీసుకుందాం. ఆరోగ్యానికి సంబంధించిన 3వ లక్ష్యంలో మొట్టమొదటి అంశం ఇదే. గర్భంతో ఉండగా గానీ, కాన్పు సమయంలో గానీ, ఆ తర్వాత 42 రోజుల్లోపు గానీ, గర్భానికి సంబంధించిన కారణంతో చనిపోయిన తల్లులు ప్రతి లక్ష సజీవ జననాలకి ఎంతమంది అని చూస్తారు. పేపర్లలో ఎంఎంఆర్ అని వచ్చేది ఇదే. ఇది 2030కల్లా 70 కంటే తక్కువకి రావాలి. నిజానికి 70 ప్రపంచ సగటుకి పెట్టిన హద్దు. మన దేశం దాన్నే తన లక్ష్యంగా తీసుకుంది.

అంకె చేతికి రాగానే అది ఏ ఏళ్లదో చూడాలి. ఈ లెక్కలు రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ నుంచి, అంటే ఎంచుకున్న నమూనా ప్రాంతాల్లో జనన మరణాల్ని నమోదు చేసే సర్వే నుంచి, వస్తాయి. శాంపిల్లో ఒక్క ఏడాదిలో దొరికే మాతృ మరణాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి మూడేళ్లవి కలిపి ఇస్తారు. 2014-16లో దేశం మొత్తానికి 130, 2018-20లో 97. మూడేళ్ల అంకెని నడిమి ఏడాది కింద రాసుకోండి: 2015లో 130, 2019లో 97. మధ్య దూరం నాలుగేళ్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 2018-20 తర్వాత వచ్చిన విడత 2019-21. ఈ రెండింట్లో 2019, 2020 ఉమ్మడిగా ఉన్నాయి. ఆ విడతలో తెలంగాణ 43 నుంచి 45కి, ఆంధ్రప్రదేశ్ 45 నుంచి 46కి వచ్చాయి. దీన్ని చూసి 'మళ్లీ పెరుగుతోంది' అని కంగారు పడొద్దు, 'ఏం ఫరవాలేదు' అని తేల్చేయనూ వద్దు. రెండేళ్లు ఉమ్మడిగా ఉన్న అంకెల మధ్య ఒకటి రెండు తేడాతో ఏ మాటా చెప్పలేం. ఒక్క ఏడాది కూడా కలవని విడతల్నే పోల్చండి.

ఇప్పుడు వేగం. కొత్త అంకెని పాత అంకెతో భాగించండి: 97 ÷ 130 = 0.746. ఇది నాలుగేళ్ల మార్పు, మనకి కావాల్సింది ఏడాది మార్పు. √ ఒకసారి నొక్కితే రెండేళ్లది, రెండోసారి నొక్కితే ఏడాదిది వస్తుంది. మొదటిసారి 0.864, రెండోసారి 0.929 వస్తాయి. అంటే సగటున ప్రతి ఏడాదీ ముందటేడాది అంకెలో 92.9 శాతం మిగిలింది, ఏటా సుమారు 7 శాతం తగ్గింది. నిజంగా మంచి వేగం. దీని వెనక ఎన్నో ఏళ్ల పని ఉంది. 2005-06లో ఆసుపత్రి కాన్పులు 39 శాతం లోపే ఉండగా 2019-21 నాటికి 88.6 శాతానికి చేరాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు తర్వాత ఎన్నో రాష్ట్రాలకి వెళ్లింది. నొప్పులు మొదలైన మనిషిని వేళకి ఆసుపత్రికి చేర్చడంలో ఆశా కార్యకర్తలు పడ్డ కష్టం ఏ అంకెలోనూ కనిపించదు.

ఇక గడువు వైపు చూద్దాం. 2019-21లో దేశం అంకె 93, నడిమి ఏడాది 2020. పదేళ్లలో 93 నుంచి 70కి రావాలంటే ఏటా 3 శాతం లోపు తగ్గినా సరిపోతుంది. సగటు చూస్తే దేశం గట్టెక్కుతుంది.

కానీ సగటు దగ్గర ఆగొద్దు. ఇదే లెక్క అస్సాంకి వేయండి. 2014-16లో 237, 2018-20లో 195. 195 ÷ 237 = 0.823. √ రెండుసార్లు నొక్కితే 0.952. ఏటా 5 శాతం కూడా తగ్గలేదు. ఈ వేగంతో 2030కి ఎక్కడుంటుందో తెలియాలంటే 195ని 0.952తో పదకొండుసార్లు (2019 నుంచి 2030కి పదకొండేళ్లు) గుణించండి. దాదాపు 114 వస్తుంది. 70కి చేరాలంటే ఏటా 9 శాతం తగ్గాలి, అంటే ఆ వేగం దాదాపు రెట్టింపు కావాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అక్కడ 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 66 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో రక్తస్రావమైతే నిలదొక్కుకునే వ్యవధి ఉండదు. బ్రహ్మపుత్ర మధ్య లంకల్లో ఉండేవాళ్లకి ఆసుపత్రికి దారి పడవే.

దేశం లక్ష్యం చేరిందని రేపు ప్రకటన వచ్చినా, అస్సాం తల్లి లెక్క తేలకుండా చేరినట్టు నేను ఒప్పుకోలేను. దేశంలో ఏటా దాదాపు ఇరవై వేల మంది తల్లులు ఇలా పోతున్నారు. ఈ లక్ష్యాలకి 'ఎవరినీ వెనక వదలొద్దు' అన్న హామీ కూడా ఉంది. కాబట్టి జాతీయ అంకె చూశాక, అన్నిటికంటే వెనకబడ్డ రాష్ట్రానికి కూడా వేగం కట్టండి.

అభ్యాసం: 2014-16లో ఆంధ్రప్రదేశ్ 74, తెలంగాణ 81. 2018-20లో వరుసగా 45, 43. రెండింటికీ ఏటా తగ్గిన శాతం కట్టండి. ఆంధ్రప్రదేశ్‌కి 12కి కాస్త తక్కువ వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే. తెలంగాణది మీరే తేల్చండి, జవాబు వచ్చే పాఠంలో ఇస్తాను. 5వ పాఠంలో తగ్గాల్సింది పోయి పెరిగిన అంకె చూద్దాం: దేశంలో స్త్రీల రక్తహీనత 53.1 శాతం నుంచి 57 శాతానికి ఎలా వెళ్లిందో.