పాత వంటగది పగలగొట్టే ముందు

కొత్త కిచెన్ ఏ రంగులో ఉండాలని ఆర్నెల్లు ఫోన్‌లో బొమ్మలు చూస్తాం, పాతది కొట్టే రోజు సంగతి మాత్రం మేస్త్రి వచ్చాక చూద్దాంలే అనుకుంటాం. మేమూ అంతే. పొద్దున్నే మెయిన్ ఆపేశాం, ఇంకేముంది కొట్టేయ్ అన్నాం. స్విచ్‌బోర్డు పక్కన టైల్ మీద ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడో లేదో ఫట్‌మని నిప్పురవ్వలు. చెయ్యి జివ్వుమంది, అంతటితో పోయింది కాబట్టి సరిపోయింది. తీరా చూస్తే ఇన్వర్టర్! మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది తన పని మొదలుపెట్టింది, వంటింటి లైటూ ఫ్యానూ దాని మీదే ఉన్నాయని మాకు గుర్తే లేదు.

అందుకని ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆ తర్వాతే మేస్త్రిని. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపించి వంటగది వైర్లు మెయిన్ బాక్సు దగ్గరే విప్పించేయాలి. టెస్టర్‌తో చూసేటప్పుడు కూడా, అది పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట ఒకసారి పెట్టి చూడండి, పాడైన టెస్టర్ ఎక్కడ పెట్టినా కరెంటు లేదనే చెబుతుంది. గోడ లోపలి వైరు పైపులు మామూలుగా బోర్డు నుంచి నిటారుగా పైకో కిందికో, లేదా అడ్డంగానో వెళ్తాయి, ఆ దారంతా సుద్దతో గీసిపెట్టండి.

గ్యాస్ సిలిండర్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాం గానీ, చాలా ఇళ్లలో దాన్ని పక్కకి జరిపి పని మొదలెట్టేస్తారు. ముహూర్తం చూసుకోవడానికి ఉన్న ఓపిక దీనికి ఉండదు. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, గాలి ఆడే నీడలో నిలబెట్టండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు, తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. పైపు గ్యాస్ ఉన్నవాళ్లు కంపెనీ మనిషి వచ్చి విప్పేదాకా ఆ గోడ ముట్టుకోవద్దు.

ఇక వంట గట్టు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న కడప బండ ఒక్కటే సుమారు 110 కిలోలు తూగుతుంది, పైన గ్రానైట్ ఉంటే ఇంకో యాభై వేసుకోండి. కింది పిల్లగోడలు ముందు కొడితే అదంతా కాళ్ల మీదకే. కాబట్టి ఎప్పుడూ పై నుంచి కిందికి: అటక ఖాళీ చేయడం, అల్మరాలు, టైల్స్, బండ, చివరికి దాని కాళ్లు. బండ దించేటప్పుడు నలుగురు మనుషులుండాలి, హవాయి చెప్పులతో ఒక్కడూ ఉండకూడదు.

ఓపెన్ కిచెన్ మోజులో హాలు వైపు గోడ తీసేద్దామనుకుంటే అక్కడే ఆగండి. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, స్లాబు 9 అంగుళాల గోడ మీదే కూర్చుంటుంది. గుమ్మం దగ్గర టేపు పెట్టి మందం కొలవండి. నాలుగున్నర అంగుళాలే కదా అని ధైర్యం చేయొద్దు, దాని మీద అటక ఆని ఉండొచ్చు, పై అంతస్తు గోడ కూడా ఉండొచ్చు. ఇంజినీరు వచ్చి చూసి చెప్పాల్సిందే, "ఏం కాదు సార్" అన్న మాట మీద గోడలు తీయించకండి.

దుమ్ముకి తువ్వాలు కట్టుకుంటే చాలదు. టైల్స్, సిమెంటు పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, పనివాళ్లక్కూడా ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి, నీళ్లు చల్లుతూ కొట్టమనండి. వంటగది కప్పు పాత సిమెంటు రేకులైతే వాటిని పగలగొట్టడం, కోయడం వద్దే వద్దు, వాటిలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుగా దించాలి.

నీళ్ల పైపు గేట్ వాల్వ్ కట్టేశాక కుళాయి తిప్పి పది నిమిషాలు చూడండి, పాత వాల్వులు చాలాసార్లు పూర్తిగా మూసుకోవు. పెళ్లలు బాల్కనీలో గుట్ట పోయకుండా సిమెంటు సంచుల్లో ఎప్పటికప్పుడు దించేయండి. హైదరాబాద్‌లో అయితే వీటిని మర ఆడించే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ఉన్నాయి, చెరువు గట్టున పోయించకండి.

అన్నట్టు, సింకు తీయగానే కింది గొట్టంలో గుడ్డ కుక్కండి. మేం మర్చిపోయాం. లోపల పడ్డ టైల్ ముక్కలు తీయడానికి ప్లంబరుకి రెండు రోజులు పట్టింది.