మా మరిది బీపీ మిషన్

ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా వీధిలో ఎవరు బీపీ మిషన్ కొన్నా ముందు నా దగ్గరికే తెస్తారు. పోయిన నెల మా మరిది వచ్చాడు. "వదినా, ఇది పాడైనట్టుంది. నిన్న క్లినిక్‌లో 158/96 అన్నారు, ఇది 166 అంటోంది" అన్నాడు.

మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు. కాఫీ తాగాడు. చొక్కా మీదే పట్టీ చుట్టి, చెయ్యి ఒళ్లో పడేసి, కాలు మీద కాలేసుకుని, నాతో మాట్లాడుతూనే బటన్ నొక్కాడు. మిషన్ ఏం చేస్తుంది పాపం!

కాఫీ తాగి అరగంట గడిచేదాకా ఆపి, ఈలోగా బాత్రూంకి వెళ్లి రమ్మన్నాను. ఒంటేలు ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది. తర్వాత వీపు ఆనే కుర్చీలో, పాదాలు రెండూ నేలకి ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాను. ఫోన్ లాక్కున్నాను. చెయ్యి బల్ల మీద పెట్టించి, పట్టీ గుండె ఎత్తుకి వచ్చేలా కింద మడత పెట్టిన తువ్వాలు వేశాను. చెయ్యి గుండె కంటే కిందికి దిగితే చాలు, అంకె పెరిగిపోతుంది.

పట్టీ దగ్గరే అసలు సంగతి బయటపడింది. దాని మీద 22–32 సెం.మీ. అని ఉంది. టైలర్ టేపుతో కొలిస్తే మావాడి దండచెయ్యి 35. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొనేటప్పుడు మిషన్ రేటు చూస్తారు గానీ పట్టీ కొలత ఎవరూ చూడరు. అదే కంపెనీ పెద్ద పట్టీ తెప్పించాం. దాన్ని ఒట్టి చేతికి, మోచేతి మడతకి రెండు వేళ్లు పైన, లోపల ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువుగా కట్టాలి. మణికట్టు మిషన్లు నాకు నచ్చవు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది.

మొదటిరోజు రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత చూస్తూ పోవాలి. పొద్దున టిఫిన్‌కీ మాత్రలకీ ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. ఇలా ఏడు రోజులు. నచ్చిన అంకె వచ్చేదాకా నొక్కుతూ పోకూడదు, వచ్చిందల్లా రాయాలి. మావాడు పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే రాశాడు. మొదటిరోజువి కొట్టేసి మిగతా 24 అంకెల సగటు తీశాం. బీపీ ఉందని చెప్పడానికి క్లినిక్‌లో 140/90ని గీతగా పెట్టుకుంటే ఇంట్లో లెక్కకి 135/85. అమెరికా వాళ్లు రెండుచోట్లా 130/80 అంటారు. నాడి క్రమం తప్పి కొట్టుకునేవాళ్లు మాత్రం ఈ మిషన్‌నే నమ్ముకోకుండా డాక్టర్‌తో చూపించుకోవాలి.

180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం లాంటివి ఉంటే సగటూ వద్దు, క్యాలెండరూ వద్దు. వెంటనే ఆసుపత్రికి. అలాంటివేమీ లేకపోతే కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి.

మావాడి సగటు 139/87 వచ్చింది. "ఇంత చేసి చివరికి ఉన్నట్టే తేల్చావా వదినా!" అని మొహం వేలాడేశాడు. ఆ క్యాలెండర్ కాగితం చించి డాక్టర్ దగ్గరికి పంపాను.