మాయా తేదీని చింతపిక్కలతో పేర్చి చదవడం

మధ్య అమెరికాలో మాయా ప్రజలు రాళ్లపై చెక్కించిన తేదీలను చదవడానికి వారి లిపి అంతా నేర్చుకోనక్కరలేదు. గుప్పెడు చింతపిక్కలు, కొన్ని ఈనెపుల్లలు, రెండు గవ్వలు చాలు. గుంటూరులో మా వసారాలో పిల్లలకు నేను ఈ లెక్క నేర్పేది వీటితోనే. చింతపిక్క ఒకటి, పుల్ల అయిదు, గవ్వ సున్నా. బెరడు కాగితంపై మాయా లేఖకులు రాసిన పుస్తకాలలో సున్నాకు గుర్తు గుల్ల బొమ్మే కాబట్టి గవ్వను ఎంచుకున్నాను. శిలలపై ఆ గుర్తు రూపం వేరు. (పేరు కలిసినంత మాత్రాన వీరికి మన పురాణాల మయుడితో సంబంధం కట్టరాదు.)

నేలపై సుద్దతో ఒకదాని కింద ఒకటిగా అయిదు గళ్లు గీయండి. అడుగు గడి విలువ 1 రోజు, దాని పైది 20, ఆపైన 360, 7,200, 1,44,000. ఇరవైల లెక్క ప్రకారం మూడో గడి 400 కావాలి. కానీ ఏడాదికి దగ్గరగా ఉండేందుకు తేదీల లెక్కలో దానిని 18 ఇరవైలకే ఆపారు. అందరూ తప్పేది ఇక్కడే.

మాయా నగరమైన పాలెంకేను ఏలిన రాజు పాకాల్ పుట్టిన తేదీ 9.8.9.13.0. పై గడిలో ఒక పుల్ల, నాలుగు పిక్కలు, తర్వాత పుల్ల, మూడు పిక్కలు, మళ్లీ పుల్ల, నాలుగు పిక్కలు, ఆ కింద రెండు పుల్లలు, మూడు పిక్కలు, అడుగున గవ్వ. ఆ గవ్వ పెట్టకపోతే మిగిలినవన్నీ ఒక్కో గడి కిందికి జారి, మహారాజు వేల ఏళ్లు ముందే పుట్టినట్లవుతుంది. గడుల విలువలతో గుణించి కూడితే 12,96,000, 57,600, 3,240, 260 కలిసి 13,57,100 రోజులు.

ఈ రోజులను పండితులలో అత్యధికులు అంగీకరించిన ఆరంభదినం, క్రీ.పూ. 3114 ఆగస్టు 11 నుంచి లెక్కించాలి. 365.2425తో భాగిస్తే 3,715 ఏళ్లు, ఏడు నెలల పైచిలుకు వస్తుంది. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది కాబట్టి ఏళ్లలోంచి 3,114 కాక 3,113 తీసివేయండి. మిగిలిన 602 ఆగస్టుకు ఆ ఏడు నెలలు కలిపితే క్రీ.శ. 603 మార్చి.

ఈ పద్ధతి బలం నాకు నాగార్జునకొండ శాసనాల పక్కన పెట్టి చూసినప్పుడే తెలిసింది. అక్కడి ఇక్ష్వాకు స్తంభంపై వీరపురుషదత్తుని ఏలుబడిలో 6వ ఏడు, వానకాలపు 6వ పక్షం, 10వ రోజు అని ఉంది. రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తేలితే తప్ప అది ఏ ఏడో చెప్పలేము. మాయా శిలకు రాజుతో పని లేదు, రోజుల మొత్తమే సాక్ష్యం.

ఇక గ్వాటెమాలాలోని తికాల్ 29వ శిలాఫలకంపై ఉన్న 8.12.14.8.15ను మీరే పేర్చండి. 12,43,615 రోజులు, క్రీ.శ. 292 జూలై రావాలి. తేడా వస్తే ముందుగా మూడో గడిని చూసుకోండి.