షెడ్డు అద్దెకు తీసుకుని వడ్ల క్లీనర్ పెట్టే ముందు

మిర్యాలగూడ చుట్టుపక్కల కోతలు మొదలయ్యాయంటే ఖాళీ షెడ్డు దొరకడమే కష్టం. ఆ తొందరలో అడ్వాన్సు ఇచ్చేయకండి.

• ముందు కరెంటు మీటరు చూడండి. త్రీఫేజ్ ఉందా? పాత బకాయిలున్నాయా? తాజా బిల్లు చేతికి వచ్చాకే అద్దె మాట్లాడండి.

• ఒప్పందం కాగితం మీదే ఉండాలి. తెలంగాణలో గడువు ఏడాదిలోపే అయినా అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 11 నెలలకు రాసుకున్నా తప్పదు.

• లారీ తిరిగే జాగా, కారని రేకులు ఉన్నాయో లేదో చూడండి.

• దుమ్ము ఎటు పోతుందో చూసుకోండి. పక్కవాళ్ల వాకిట్లో పడితే రోజూ గొడవే.

• మోటారుకు ఎర్తింగు, బెల్టుకు జాలీ లేనిదే మిషన్ ఆన్ చేయొద్దు. మెడలో తువ్వాలు, వేలాడే కొంగు బెల్టు దగ్గరికి రాకూడదు. జల్లెడలో గడ్డి ఇరుక్కుంటే మెయిన్ ఆపి, చక్రం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. కూలీలకు ఈ మాట మిషన్ మొదలవ్వకముందే చెప్పండి. తర్వాత ఆ చప్పుడులో ఎవరికీ వినపడదు.

• క్లీనర్ తాలు, మట్టి తీస్తుంది గానీ తేమ తీయదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు, కాబట్టి ముందు ఆరబెట్టాల్సిందే.

• మొదటి బస్తా పోశాక తాలు కుప్పలోంచి గుప్పెడు తీసి నలిపి చూడండి. గట్టి గింజలు తగిలితే మంచి వడ్లు కూడా తాలుతో ఎగిరిపోతున్నట్టే, మిషన్ ఫ్యాను గాలి తగ్గించండి.