క్రియాటినిన్ రిఫరెన్స్ విలువ పైకి పోతోందా? ముందు ఆ ఒక్క 'ని' సంగతి చూడండి

ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (పదార్థాలను కాలమ్‌లో విడదీసి, అయాన్ల భారం బట్టి కొలిచే యంత్రం) నడపడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. కాలమ్ బిగించడం దగ్గర్నుంచి చెప్పను. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను రక్తంలో కొలిచే ఐసోటోప్ డైల్యూషన్ పద్ధతిని (బరువైన ఐసోటోప్ లేబుల్ ఉన్న క్రియాటినిన్ కలిపి, దాంతో పోల్చి కొలిచేది; మిగతా పద్ధతులకు ఇదే రిఫరెన్స్) వ్యాలిడేట్ చేస్తుంటే తేడా వచ్చినప్పుడు దేన్ని ముందు అనుమానించాలన్నదే ఇక్కడ విషయం. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. మందు లేని ఖాళీ ప్లాస్మా దొరుకుతుంది గానీ, క్రియాటినిన్ లేని మనిషి రక్తం ఎక్కడా దొరకదు. అక్కడి అలవాట్లు కొన్ని ఇక్కడ పనిచేయవు.

అన్ని శాంపిళ్లలోనూ ఒకే శాతం తేడా

కాలిబ్రేటర్‌ను, అంటే విలువ తెలిసేలా మీరు కట్టిన పోలిక ద్రావణాన్ని, అనుమానించండి. సర్వీస్ ఇంజనీర్‌కు ఫోన్ చేసేముందు తూకం పుస్తకం తెరవండి. మామూలు క్రియాటినిన్ అనుకుని హైడ్రోక్లోరైడ్ లవణం తూచారా? అణుభారం 113.1 బదులు 149.6 అవుతుంది, శాంపిళ్లన్నీ దాదాపు 32 శాతం ఎక్కువ చూపిస్తాయి. ప్యూరిటీ సవరణ వేశారా? మి.గ్రా./డె.లీ.ని మైక్రోమోల్/లీటరుకు మార్చేటప్పుడు 88.4తో గుణించారా, భాగించారా? నవ్వకండి, భాగించినవాళ్లను చూశాను. నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) వాళ్ల ఎస్‌ఆర్‌ఎం 914 అనే ప్రామాణిక నమూనా స్వచ్ఛమైన క్రియాటినిన్ పొడి, దాంతో కొత్త స్టాక్ ఒకటి కట్టి చూస్తే తేలిపోతుంది.

తక్కువ విలువల్లోనే ఎక్కువ చూపిస్తోంది

ఇంటర్నల్ స్టాండర్డ్‌గా కలిపే డీ3-క్రియాటినిన్‌లో (మూడు డ్యుటీరియంల లేబుల్ ఉన్నది) లేబుల్ లేని మామూలు క్రియాటినిన్ కొంచెం ఉండి ఉంటుంది, లేదా ముందు శాంపిల్ తాలూకు మిగులు, అంటే క్యారీ ఓవర్. నీళ్లలో ఇంటర్నల్ స్టాండర్డ్ ఒక్కటే ఎక్కించి 114 ఛానల్ (మామూలు క్రియాటినిన్ అయాన్ భారం; డీ3ది 117) చూడండి. కాలిబ్రేషన్ గీతను బలవంతంగా సున్నా గుండా లాగినవాళ్లకే ఇది ఎక్కువ కొడుతుంది.

కొన్ని శాంపిళ్లే పైకి పోతున్నాయి, మిగతావన్నీ బాగున్నాయి

దీని దగ్గర నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. నలభై శాంపిళ్లు రొటీన్ ల్యాబుల్లో వాడే ఎంజైమ్ పద్ధతితో పోల్చాం. చాలావరకు గీత మీదే కూర్చున్నాయి. పది పన్నెండు మాత్రం మన పద్ధతిలో ఎక్కువ. తప్పు ఎంజైమ్ కిట్‌దే అని తేల్చేసి, లాట్ మార్పించి, కంపెనీ మనిషిని రెండుసార్లు రప్పించాను. చివరికి ఎవరివో చూద్దామని లిస్టు తీస్తే దాదాపు అన్నీ పిల్లలవి, ఆడవాళ్లవి. ఒకటి జిమ్‌కు వెళ్లే కుర్రాడిది.

క్రియాటిన్, క్రియాటినిన్. రాతలో ఒక్క 'ని' తేడా, రసాయనంలో ఒక్క నీటి అణువు తేడా. క్రియాటిన్ 132 దగ్గర రావాలి. కానీ అయాన్ సోర్స్ వేడిలో కొంత భాగం నీటిని వదిలేసి 114గా మారుతుంది. అలా పుట్టిన అయాన్ క్రియాటినిన్‌లాగే ముక్కలవుతుంది. కాబట్టి 114 నుంచి 44, 114 నుంచి 86 రెండూ వస్తాయి, వాటి నిష్పత్తి కూడా చక్కగా సరిపోతుంది. క్వాలిఫయర్ అయాన్ (గుర్తింపు సరిచూసే రెండో ముక్క) చూసి ధీమాగా కూర్చున్నవాళ్లను ముంచేది ఇదే. డీ3-క్రియాటినిన్ కాపాడదు, ఎందుకంటే అది క్రియాటిన్ నుంచి పుట్టింది కాదు. క్రియాటినిన్ కలిపి రికవరీ చూస్తే వంద శాతం. నీళ్లలో కట్టిన కాలిబ్రేటర్లలో క్రియాటిన్ ఉండదు. క్యూసీ పూల్‌లో (రోజూ నడిపే కంట్రోల్ శాంపిల్‌లో) ఉన్నా రోజూ అంతే ఉంటుంది కాబట్టి చార్టు గీత తిన్నగా పోతుంది. ప్రతి చెక్కూ పాస్, విలువ మాత్రం తప్పు.

పిల్లలకు, ఆడవాళ్లకు ఎందుకంటే, వాళ్ల రక్తంలో క్రియాటినిన్ తక్కువ, క్రియాటిన్ ఎక్కువ. జిమ్ కుర్రాళ్లు క్రియాటిన్ పొడి తింటుంటారు. పిల్లాడికి క్రియాటినిన్ 0.4, క్రియాటిన్ 0.8 మి.గ్రా./డె.లీ. ఉందనుకోండి. అందులో పదో వంతు సోర్స్‌లో మారినా 0.07 దాకా కలుస్తుంది. అంటే 17 శాతం పైనే. ఒకటి రెండు శాతం కోసం కొట్టుకునే రిఫరెన్స్ పద్ధతికి అది ఎంత పెద్ద తప్పు!

పరిష్కారం పది నిమిషాల పని, వ్యాలిడేషన్ మొదటి రోజే చేయాల్సింది. క్రియాటిన్ ఒక్కటే నీళ్లలో కలిపి ఎక్కించండి. 132 నుంచి 90, 114 నుంచి 44 రెండూ తెరిచి ఉంచండి. 114 ఛానల్‌లో క్రియాటిన్ టైముకు పీక్ వస్తుంది, అది తప్పదు. క్రియాటినిన్ టైము దానికి బాగా దూరంగా ఉందా అన్నదే ప్రశ్న. మామూలు సీ18 కాలమ్ మీద రన్ టైమ్ తగ్గించుకుంటే రెండూ వాయిడ్ దగ్గరే, అంటే కాలమ్‌కు అంటుకోకుండా మొదట్లోనే, బయటపడతాయి. మా దగ్గర జరిగింది అదే. రెండు నిమిషాల పద్ధతి అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. హిలిక్ కాలమ్‌కు గానీ కేటయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌కు గానీ మారండి, లేదా మొబైల్ ఫేజ్ పీహెచ్ సవరించి బేస్‌లైన్ దాకా విడదీయండి. సోర్స్ టెంపరేచర్ తగ్గిస్తే కొంత తగ్గుతుంది, పోదు. జీసీ-ఎంఎస్ వాడిన పెద్దలు అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌తో ముందే క్రియాటిన్‌ను తీసేసింది ఊరికే కాదు. జీసీ కోసం డెరివటైజ్ చేస్తే (రసాయనికంగా మారిస్తే) రెండూ ఒకటే అయిపోతాయి మరి. ఎల్‌సీ వచ్చాక ఆ మెట్టు మనమే ఎగరేశాం.

క్రియాటిన్ కూడా కొలుద్దామని డీ3-క్రియాటిన్ కలిపేవాళ్లున్నారు. పీకులు విడిపోకముందు ఆ పని చేస్తే అది 117 ఇచ్చి ఇంటర్నల్ స్టాండర్డ్‌నే పాడు చేస్తుంది.

ఒకవేళ సరిగ్గా క్రియాటినిన్ టైముకే పీక్ వస్తే కంగారు పడకండి. సీసాలోని క్రియాటిన్ పొడిలోనే కొంచెం క్రియాటినిన్ ఉండొచ్చు. అదే వయల్‌ను మర్నాడు మళ్లీ ఎక్కించండి. పీక్ పెరగకపోతే పొడి తప్పు. పెరిగితే మీ ద్రావణంలోనే మార్పు జరుగుతోంది. యాసిడ్, వేడి కలిస్తే క్రియాటిన్ క్రియాటినిన్ అవుతుంది. మటన్ ఉడికినప్పుడు జరిగేదీ అదే, అందుకే బిర్యానీ తిన్న కాసేపటికి తీసిన రక్తంలో విలువ నిజంగానే పెరుగుతుంది. ఎక్స్‌ట్రాక్ట్‌ను ఫార్మిక్ యాసిడ్‌తో వేడిగా ఆరబెడుతుంటే మానేయండి. చల్లని ఆటోశాంప్లర్‌లో పెట్టండి. సీరమ్‌కు క్రియాటిన్ కలిపి మొదటి నుంచి ప్రిపరేషన్ చేసి, విలువ కదలడం లేదని రాసి పెట్టుకోండి.

రొటీన్ పద్ధతితో కలవట్లేదు

పైది తేలాకే ఇక్కడికి రండి. జాఫే పిక్రేట్ అనే పాత రంగు పద్ధతి గ్లూకోజ్, కీటోన్లు, ప్రొటీన్ ఉంటే ఎక్కువ చూపిస్తుంది, బిలిరుబిన్ ఉంటే తక్కువ. ఎంజైమ్ పద్ధతిని డోబుటమైన్, కాల్షియం డోబెసిలేట్ అనే మందులు కిందికి లాగుతాయి. వాటికి సరిపోవాలని రిఫరెన్స్‌ను సవరించకండి. ఎండబెట్టిన కంట్రోల్ సీరమ్‌లో మాత్రమే తేడా వస్తే అది మ్యాట్రిక్స్ (శాంపిల్‌లోని మిగతా పదార్థాల) గొడవ. ఎస్‌ఆర్‌ఎం 967 లాంటి, ఫ్రీజ్ చేసి ఉంచిన మానవ సీరమ్‌తో చూడండి.

లేబుల్ ఊడిపోవడం, సహజ ఐసోటోపులు 117లోకి రావడం గురించి అడుగుతుంటారు. డీ3 మిథైల్ మీద ఉంది, ఊడదు. రెండోది లెక్కకు రానంత చిన్నది. వాటి మీద టైమ్ పెట్టకండి.