సీడీ డ్రైవ్ లేకుండా లినక్స్ - 3వ భాగం: పెన్‌డ్రైవ్ తయారీ

పోయిన భాగంలో డెబియన్ అనే లినక్స్ లైవ్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడగలిగే డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) దించుకుని, అది చెడకుండా దిగిందో లేదో చెప్పే షా256 కోడ్ సరిచూసుకున్నాం కదండీ, ఇప్పుడు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దాం. అమలాపురం, రాజోలు వైపు ఇళ్లల్లో ఉన్న పాత డెస్క్‌టాపులు కొన్నిటికి సీడీ ట్రే బయటికే రాదు, వచ్చినా ఈ ఉప్పుగాలికీ తేమకీ లెన్స్ మసకబారిపోయి డిస్క్ చదవదు, దానికోసం కొత్త డ్రైవ్ కొనడం దండగ, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటుంటే సరిపోద్ది. అందులో ఉన్నదంతా చెరిగిపోద్ది కాబట్టి కావలసినవి ముందే తీసి పెట్టుకోండి.

ఐఎస్ఓని మామూలుగా కాపీ పేస్ట్ చేసేస్తే బూట్ అవదండి. ఆన్ చేయగానే మెషీన్‌ని లేపే ప్రోగ్రాం పాత మెషీన్లలో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. బయోస్ అయితే పెన్‌డ్రైవ్ మొదటి 512 బైట్లలో బూట్ కోడ్ ఉందా అని చూస్తది, యూఈఎఫ్ఐ అయితే ఈఎఫ్ఐ ఫోల్డర్ వెతుకుద్ది, అవి ఐఎస్ఓ లోపల ఉన్నా సరే, ఫైల్‌గా పడేస్తే అది కొట్టని బొండం లాంటిదే, పైకి కనిపించదు.

విండోస్ వాళ్లకి ఈ పని చేసిపెట్టే రూఫస్ అనే ప్రోగ్రాం ఉంది, పెన్‌డ్రైవ్, ఐఎస్ఓ చూపించి స్టార్ట్ నొక్కడమే, పాత మెషీన్‌కైతే పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌ని భాగాలు చేసే పద్ధతి) దగ్గర ఎంబీఆర్ పెట్టండి.

లినక్స్ ఉన్న ఇంకో మెషీన్ దొరికితే టెర్మినల్లో డీడీ (dd), ఐఎస్ఓని ఉన్నదున్నట్టు డ్రైవ్ మీద రాసే కమాండ్. ఇక్కడ మాత్రం నిదానంగా వెళ్లండి. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, డ్రైవుల లిస్టు చూపించే కమాండ్) కొట్టండి, పెట్టాక మళ్లీ కొట్టండి. ముందు ఎస్‌డీఏ (sda) 465.8జీ ఒక్కటే ఉందనుకోండి, అది 500 జీబీ హార్డ్‌డిస్క్, రెండోసారి కింద ఎస్‌డీబీ (sdb) 14.9జీ అని కొత్తగా వస్తే అదీ మీ పెన్‌డ్రైవ్, 16 జీబీది పెట్టుంటే, 1024 లెక్కన అంకె తగ్గి కనిపిస్తది అంతే. పెన్‌డ్రైవ్ తనంతట తనే మౌంట్ అయ్యుంటే (ఫోల్డర్‌లా తెరుచుకునుంటే) అన్‌మౌంట్ చేయండి. డీడీ కమాండ్‌లో ఐఎఫ్ (if=, ఎక్కణ్నుంచి) దగ్గర ఐఎస్ఓ, ఓఎఫ్ (of=, ఎక్కడికి) దగ్గర /dev/sdb, చివర 1 తగిలించొద్దు, అది లోపలి పార్టిషన్, మనకి మొత్తం డ్రైవ్ కావాలి. బీ బదులు ఏ పడిందా, హార్డ్‌డిస్క్‌లో పెళ్లి ఫొటోలతో సహా పోతాయి, డీడీ మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగదు. ఎంటర్ కొట్టేముందు ఇంట్లో ఇంకొకళ్లని పిలిచి ఆ అక్షరం చదివించండి, అతి అనిపించినా సరే.

ప్రాంప్ట్ వచ్చేసింది కదా అని పీకేయకండి, డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, సింక్ (sync) అని కొట్టి అది ముగిసేదాకా ఆగండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదట్నించి రాసుకోవడమే, మామూలుగా పెన్‌డ్రైవ్‌కేం కాదు.

ఇక ఆన్ చేసేటప్పుడు దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ తెరవాలి, దానికి నొక్కాల్సిన కీ డెల్, లెనోవోలకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పాత బయోసుల్లో పెన్‌డ్రైవ్ హార్డ్‌డిస్కుల లిస్టులో ఉంటది, అక్కడా చూడండి. అక్కడ కూడా లేకపోతే ఏం చేయాలో, పార్టిషన్లు ఎలా కోయాలో 4వ భాగంలో, ఈలోగా లైవ్‌లోకి వెళ్లి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసి రాసి పెట్టుకోండి.